ఇది నిజంగా జరిగిందేటి? సినిమాలు, రేడియో కథల గురించి మా కొట్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో మాది చిన్న కొట్టు. మొదట్లో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాళ్ళం, తర్వాత సీడీలు, ఇప్పుడు రీఛార్జులు, ఇయర్‌ఫోన్లు, మెమరీ కార్డులు. సరుకు మారింది గానీ జనం అడిగే మాట మారలేదు: "బావూ, ఇది నిజంగా జరిగిందేటి?" కొందరు తెలుగులో అడుగుతారు, కొందరు ఒడియాలో, ఎక్కువమంది రెండూ కలిపేసి. రోజూ నోటితో చెప్పేవే ఇక్కడ రాసి పెట్టాను.

పోస్టరు మీద "యథార్థ సంఘటనల ఆధారంగా" అని వేస్తే ఎంతవరకు నమ్మాలి?

జరిగిన సంగతి వరకు నమ్మొచ్చు. మాటలు, ప్రేమలు, ముగింపు మాత్రం రచయిత చేతి వంట.

అందులోనూ రకాలున్నాయి. మహానటి (2018) సావిత్రి జీవితమే, పేరు కూడా ఆవిడదే. కర్తవ్యం (1990) అలా కాదు. 1972లో ఐపీఎస్‌లో చేరిన తొలి మహిళ కిరణ్ బేడీ స్ఫూర్తితో ఒక పాత్రను అల్లుకున్నారు, ఆ పాత్రకి వైజయంతి అని పేరు పెట్టుకున్నారు. విజయశాంతికి జాతీయ అవార్డు తెచ్చింది ఆ వైజయంతే. లక్కీ భాస్కర్ (2024) ఇంకో రకం. హర్షద్ మెహతా రోజుల బొంబాయిని వెనక తెరలా కట్టి, దాని ముందు కల్పిత గుమాస్తాని నిలబెట్టారు. మూడింటినీ జనం "నిజం కథ" అనే అంటారు. నన్నడిగితే మూడింటినీ ఒకే తక్కెడలో తూచకూడదు.

మన ఒడిశాలో జరిగిన కథతో తెలుగు సినిమా ఏదైనా వచ్చిందా?

వచ్చింది. మౌనపోరాటం, 1989. ఉషాకిరణ్ మూవీస్ మీద రామోజీరావు నిర్మించారు, మోహన్ గాంధీ దర్శకత్వం, యమున కథానాయిక. పాటలకు బాణీలు కట్టింది గాయని ఎస్. జానకి, ఇది చెబితే ఇప్పటికీ చాలామంది నమ్మరు.

ఒడిశాలో ఒక యువతి పెళ్ళి పేరుతో మోసపోయి, తన బిడ్డకి తండ్రి ఫలానా అని తేల్చమని కోర్టుకెక్కింది. ఆ పోరాటమే ఈ సినిమాకి మూలం. ఆవిడ పేరు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. సినిమావాళ్ళు వేరే పేరు పెట్టుకున్నారు, నేను కూడా ఇక్కడ రాయను.

మా కొట్లో ఆ క్యాసెట్టు ఒకటే ఉండేది. టేపుకి ఒక గుణం ఉంది: జనం ఏ సీను మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూస్తారో అక్కడే అరుగుతుంది. ఫైటింగ్ సినిమాల్లో క్లైమాక్సు అరిగేది, డ్యాన్సు సినిమాల్లో పాట అరిగేది. మౌనపోరాటం క్యాసెట్టు కోర్టు సీన్ల దగ్గర అరిగింది. తెరంతా తెల్ల గీతలు, మాట మాత్రం వినబడేది. తెలుగు సరిగ్గా రాని ఒడియా ఆడవాళ్ళు కూడా "మన పిల్ల సినిమా" అని అడిగి పట్టుకెళ్ళేవారు. వాళ్ళకి కోర్టులో లాయరు ఏమన్నాడో అర్థమైందో లేదో గానీ, ఎవరివైపు ఉండాలో బాగానే అర్థమైంది.

ఇప్పటి పిల్లలు "డీఎన్ఏ టెస్టు చేయిస్తే ఒక్క రోజులో తేలిపోయేది కదా" అంటారు. తండ్రెవరో తేల్చడానికి మన దేశంలో మొదటిసారి డీఎన్ఏ పరీక్షను కోర్టులో వాడింది 1989లోనే, కేరళలో తలశ్శేరి కేసులో. ఆ పరీక్ష చేసింది హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్. అంటే సినిమా హాల్లో ఆడుతున్న ఏడాదే ఆ దారి తెరుచుకుంది. అంతకు ముందు ఆడదాని మాట, మగాడి మాట, మధ్యలో సాక్షులు.

తండేల్‌లో చూపించిన పాకిస్తాన్ జైలు సంగతి నిజమేనా?

మూలం నిజమే. 2018 నవంబరు చివర్లో గుజరాత్ బోట్ల మీద వేటకెళ్ళిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు సరిహద్దు దాటారని పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడ్డారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నారు. 2020 జనవరి 6న 20 మందిని వాఘా దగ్గర మనకి అప్పగించారు. శ్రీకాకుళం జిల్లా మత్స్యలేశం పేరు అప్పుడే దేశమంతా విన్నది. చందూ మొండేటి తీసిన సినిమా 2025 ఫిబ్రవరి 7న వచ్చింది. తండేల్ అంటే బోటు మీద అందరినీ నడిపించే పెద్ద.

"సముద్రం ఒడ్డునే ఉండి గుజరాత్ ఎందుకెళ్ళడం?" అని కొండ వైపు నుంచి వచ్చినవాళ్ళు అడుగుతారు. సముద్రం ఉంటే చాలదు, పెద్ద బోటు ఆగడానికి రేవుండాలి. శ్రీకాకుళం తీరం పొడుగే గానీ రేవుల సంగతి అంతంతమాత్రం. అందుకే వేరావల్ వెళ్ళి అక్కడి యజమానుల బోట్లెక్కుతారు, నెలల తరబడి.

ఆ సినిమాకి మా వైపు ఏడ్చినవాళ్ళందరూ చేపల వాళ్ళేమీ కాదు. గంజాం జిల్లాలో ఇంటికో మగమనిషి సూరత్ మగ్గాల మీద ఉంటాడు. గోపాల్‌పూర్ ఒడ్డున ఒడియావాళ్ళు నోలియాలని పిలిచే మన తెలుగు బెస్తలూ ఉన్నారు. మా కొట్టుకి నెలకోసారి ఒకావిడ వస్తుంది, మొగుడి సిమ్ముకి రీఛార్జి చేయించడానికి. నంబరు చూడకుండానే చెబుతుంది. డబ్బులు కట్టి, కొట్టు ముందే నిలబడి ఒకసారి ఫోన్ చేస్తుంది. అటు నుంచి రింగు వెళ్తే కట్ చేసేస్తుంది. "మాట్లాడవా?" అంటే, "పన్లో ఉంటాడు బావూ, మోగింది కదా, సాలు" అంటుంది. తండేల్ చూసొచ్చి ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే: జైల్లో ఉన్నన్నాళ్ళూ ఇంటికి డబ్బులు ఎలా వచ్చాయి అని. సినిమా దానికి జవాబు చెప్పడానికి పెద్దగా ఆగలేదు. పాటలకి ఆగింది. పాటలు బాగున్నాయి, కాదనను.

అల్లూరి సీతారామరాజు సినిమాలో ఏది నిజం, ఏది కల్పన? ఆర్‌ఆర్‌ఆర్ సంగతేంటి?

1974లో వచ్చిన కృష్ణ గారి సినిమా చరిత్రకి దగ్గరగానే నడుస్తుంది. అది ఆయన నూరో సినిమా. దర్శకుడు వి. రామచంద్రరావు సగంలో చనిపోతే మిగతాది పూర్తి చేసుకున్నారు. అందులోని పాటకే శ్రీశ్రీకి జాతీయ అవార్డు వచ్చింది. జగ్గయ్య వేసిన రూథర్‌ఫర్డ్ కూడా కల్పిత విలను కాడు, అప్పటి అధికారే.

తేదీలు గుర్తుపెట్టుకోండి, సినిమా ఇంకా బాగా అర్థమవుతుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల తుపాకులు పట్టుకెళ్ళారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజు కథ ముగిసింది. దీనంతటికీ వెనక ఉన్నది అడవి చట్టం, పోడు మీద నిషేధం, రోడ్డు పనికి కూలి సరిగ్గా ఇవ్వకుండా కొట్టి చేయించిన గూడెం తహశీల్దారు బాస్టియన్. రాజు పక్కనున్న గాం మల్లుదొర జైలుకెళ్ళి, బతికి, 1952లో లోక్‌సభకి గెలిచాడు. ఆ ఒక్క మనిషి మీదే ఇంకో సినిమా తీయొచ్చు.

ఆర్‌ఆర్‌ఆర్ (2022) దారి వేరు, అది కల్పన అని తీసినవాళ్ళే చెప్పారు. అల్లూరి చనిపోయింది 1924లో, కొమరం భీం జోడేఘాట్‌లో చనిపోయింది 1940లో. ఇద్దరూ కలుసుకున్నట్టు చరిత్రలో లేదు. అది "కలిస్తే ఎలా ఉండేది" అన్న కథ. కొట్లో ఒక మాస్టారు దీని మీద గంటసేపు కోప్పడ్డారు. ఆయనకి నేను టీ తెప్పించి, భాగవతంలో కూడా అంతేగా అన్నాను.

మనవాళ్ళు ఇంకోటి అడుగుతారు, ఆ తిరుగుబాటు ఒడిశా వైపు వచ్చిందా అని. అప్పటికి ఒడిశా రాష్ట్రమే లేదు. అది ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. మన్యం, జయపురం ఎస్టేటు, మల్కన్‌గిరి అన్నీ మద్రాసు కిందే. కొండకి ఇటూ అటూ ఒకటే అడవి, ఒకటే ముఠాదారీ (కొండ ఊళ్ళ శిస్తు పెత్తనం) కష్టం.

మన కొండల వైపు వీరుల కథలు లేవా?

లక్ష్మణ్ నాయక్ లేడా! కోరాపుట్ వైపు తెంతులిగుమ్మ మనిషి. 1942 ఆగస్టు 21న మథిలి పోలీసు స్టేషన్ దగ్గర కాల్పులు జరిగాయి, కేసు ఆయన మీద పెట్టారు, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు. తెలుగులో పెద్ద ఎత్తున తీస్తే మొదటి టికెట్టు నేనే కొంటాను.

బొబ్బిలి యుద్ధం జరిగిందే కదా? సినిమాలో పాపారాయుడు ఎక్కువ చేశారా?

జరిగింది, 1757 జనవరి 24న. ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు పంతం, కోటలో ఆడవాళ్ళ చావు, తర్వాత తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజుని చంపడం, ఇవన్నీ చరిత్రలో ఉన్నవే. 1964 సినిమాలో పాపారాయుడిగా ఎస్వీ రంగారావుని చూశాక వేరెవరినీ ఊహించుకోలేం. 1986లో కృష్ణంరాజు కూడా వేశారు, దాసరి దర్శకత్వంలో.

అయితే సినిమాకి ముందు రెండు వందల ఏళ్ళు జంగం కథగా, తర్వాత బుర్రకథగా ఈ కథని పాడుకున్నారు. పాడేవాడు ఎప్పుడూ ఓడినవాడి పక్షమే. బొబ్బిలి చుట్టాలూ విజయనగరం చుట్టాలూ ఒకే పెళ్ళికి వచ్చినప్పుడు ఈ సినిమా పెట్టకండి. మా ఇంట్లో జరిగింది కాబట్టి చెబుతున్నాను.

ఘాజీ చూసి విశాఖ వెళ్ళాం. బీచ్‌లో ఉన్న జలాంతర్గామి సినిమాలోదేనా?

కాదు. అది కుర్సురా. నిజంగా 1971 యుద్ధకాలంలో పనిచేసిందే, 2002 నుంచి జనం చూడడానికి పెట్టారు. సినిమాలోని ఎస్-21 కథ కోసం అల్లుకున్నది. పాకిస్తాన్ ఘాజీ 1971 డిసెంబరు 3, 4 మధ్య రాత్రి విశాఖ దగ్గర మునిగిన మాట నిజం. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చిందన్నదీ నిజం. మన నౌకాదళం లెక్క ప్రకారం దాన్ని ముంచింది రాజ్‌పుత్ అనే యుద్ధనౌక. పాకిస్తాన్ వాళ్ళు లోపల పేలుడు జరిగిందంటారు. నీళ్ళ కింద రెండు జలాంతర్గాములు ఎదురెదురుగా పోరాడడం సినిమావాళ్ళ ఊహ. ఊహే అయినా ఊపిరి బిగబట్టించింది.

అసలు మనిషే తన పాత్ర వేసిన సినిమా ఉందా?

మయూరి. సుధా చంద్రన్ 1981లో బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకుంది, జైపూర్ కృత్రిమ కాలు పెట్టుకుని మళ్ళీ గజ్జె కట్టింది. సింగీతం శ్రీనివాసరావు ఆ కథని ఆమెతోనే తీశారు, ఆమెకి జాతీయ స్థాయిలో ప్రత్యేక పురస్కారం వచ్చింది. పరుగుల రాణి అశ్వినీ నాచప్ప కూడా అశ్విని (1991)లో తన పాత్ర తనే వేసింది. మయూరి చూస్తూ మా అమ్మ ఒకటే అనేది: "ఇది నటన కాదురా, ఆ పిల్లకి నిజంగానే నొప్పి పుడతంది."

స్కైలాబ్ (అమెరికావాళ్ళ అంతరిక్ష కేంద్రం) పడుతుందని జనం నిజంగా అంత భయపడ్డారా?

పడ్డారు. 2021 సినిమాలోని కథా మనుషులూ కల్పితం, భయం మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం. 1979 జూలైలో మా టీ బడ్డీ దగ్గర రేడియో చుట్టూ జనం. ఎక్కడ పడుతుందో ఎవరూ తేల్చి చెప్పలేదు, అందుకని మా మీదే పడుతుందని మావాళ్ళు తేల్చుకున్నారు. చచ్చిపోయేవాళ్ళకి కోళ్ళెందుకని మా వీధిలో కోళ్ళన్నీ కోసేశారు. అప్పులున్నవాళ్ళు హుషారుగా ఉన్నారు, అప్పిచ్చినవాళ్ళు గుడికెళ్ళారు. జూలై 11న అది హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పడమటి వైపూ ముక్కలై పడింది. మర్నాడు పొద్దున్న గుడ్లకి ఒక్క పెట్ట లేదు.

రేడియోలో నిజ జీవిత కథలు వచ్చేవా? ఇప్పుడు వస్తున్నాయా?

సినిమా కన్నా రేడియోలోనే ఎక్కువ వచ్చాయి, మనం వాటిని కథలని పిలవలేదు, అంతే.

మా ఇంట్లో మర్ఫీ రేడియో ముల్లు రెండు చోట్లే తిరిగేది. మీడియం వేవ్ మీద 927 విశాఖపట్నం, 972 కటకం (కటక్). అంకెలు తారుమారు, అంతే తేడా. కాస్త వేలు కదిపితే తెలుగు పోయి ఒడియా వచ్చేది. మధ్యలో గరగర. నాన్న పొలం కార్యక్రమం విశాఖలో వినేవాడు, వాన కబురు కటకంలో వినేవాడు. మన తుపాను ముందు ఒడియాలో వస్తుందని ఆయన నమ్మకం.

పొలం కార్యక్రమంలో ఫలానా ఊరి రైతు వచ్చి తను వేసిన వంగడం గురించి, పోయిన పంట గురించి తన గొంతుతో చెప్పేవాడు. అది నిజ జీవిత కథ కాక మరేంటి? 1960లలో తంజావూరు వైపు ఏడీటీ-27 అనే వరిని రైతులు "రేడియో బియ్యం" అనే పిలిచారు, దాని సంగతి రేడియోలోనే విన్నారు కాబట్టి. ఇక రూపకాలు. రూపకమంటే జరిగినదాన్ని గొంతులతో, చప్పుళ్ళతో చెప్పడం. స్వాతంత్ర్యయోధుల మీద, కరువుల మీద, కళాకారుల మీద ఎన్నో వచ్చాయి. నాజర్ బుర్రకథగా చెప్పిన బొబ్బిలి, పల్నాడు కథలు రేడియోలో విన్న తరం ఇంకా ఉంది.

సంక్షిప్త శబ్ద చిత్రం గురించి అడిగే కుర్రాళ్ళున్నారు. సినిమా సౌండుని గంటకి కుదించి వేసేవారు. బొమ్మ ఉండదు. గుర్రపు డెక్కలు, కత్తుల చప్పుడు, మధ్యలో వ్యాఖ్యాత ఒక మాట. హాలుకి వెళ్ళే డబ్బుల్లేనివాళ్ళు సగం సినిమాలు అలాగే "చూశారు". మా పెద్దమ్మ చాలా సినిమాలు చూశానని వాదించేది, అన్నీ విన్నవే.

ఇప్పుడు? కమ్యూనిటీ రేడియోలు ఆ పని చేస్తున్నాయి. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోని దళిత మహిళలే నడుపుతున్నారు. విత్తనం, వంట, పాట, వాళ్ళ బతుకే కార్యక్రమం. మన కోరాపుట్‌లో రేడియో ధీంసా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను గజపతి జిల్లాని తొక్కేసినప్పుడు కరెంటు పోయింది, టవర్లు పోయాయి. అటక మీద నుంచి పాత ట్రాన్సిస్టర్ దింపాం. బ్యాటరీలు మా కొట్లోవే.

కన్యాశుల్కం కూడా నిజంగా జరిగిందేనా?

గిరీశం కల్పితం. ఆచారం కాదు. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో కన్యాశుల్కం పెళ్ళిళ్ళ లెక్క తీయించారు. మూడేళ్ళలో 1,034 తేలాయని గురజాడే ముందుమాటలో రాశారు. అయిదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. అది చదివాక 1955 సినిమా చూస్తే నవ్వు సగంలో ఆగిపోతుంది. నా మటుకు నాకు రేడియో నాటకమే ఎక్కువ ఇష్టం. లుబ్ధావధానుల ముఖం ఎవరికి వాళ్ళం మన వీధిలోంచి తెచ్చి పెట్టుకుంటాం.

మహారాష్ట్ర సరిహద్దులో తెలుగువాళ్ళు ఏం చూస్తారు?

సిరొంచలో మా పిన్ని కూతురుంది. వాళ్ళది ప్రాణహిత ఒడ్డు, ఎదురుగా కాళేశ్వరం. వాళ్ళు తెలుగు, మరాఠీ రెండూ చూస్తారు. అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకునేది 2014 మరాఠీ సినిమా, ప్రకాశ్ బాబా ఆమ్టే జీవితం, నానా పాటేకర్ వేశారు. ఆయన ఆస్పత్రి నడిపే హేమల్‌కసా వాళ్ళ గడ్చిరోలి జిల్లాలోనే. 1973 డిసెంబరు 23న మొదలైన ఆ ఆస్పత్రికి మాడియా గోండులు అడవిలోంచి నడిచి వచ్చేవారు. ప్రకాశ్, మందాకిని దంపతులకి 2008లో మెగసెసే అవార్డు వచ్చింది. "మీకు సినిమా అక్కా, మాకు మందులిచ్చిన డాక్టరు" అంటుంది మా చెల్లెలు నా భార్యతో.

నిజం కథ అంటూనే "పాత్రలన్నీ కల్పితం" అని ఎందుకు వేస్తారు?

కోర్టు భయం. రష్యా రాణివాసం, రాస్‌పుతిన్ హత్య మీద 1932లో హాలీవుడ్‌లో ఒక సినిమా తీశారు. అందులోని ఒక పాత్ర తనేనని యూసుపోవ్ రాకుమారి 1934లో లండన్‌లో కేసు గెలిచి భారీగా డబ్బు రాబట్టింది. అప్పటి నుంచి ఆ కార్డు అలవాటైపోయింది. మనవాళ్ళు పొగాకు హెచ్చరికతో పాటు దాన్నీ చదవకుండా వదిలేస్తారు.

మా ఇంట్లో జరిగిన సంగతి ఎవరైనా అడక్కుండా తీసేస్తే?

ఇది ఎక్కువగా ఆడవాళ్ళు అడుగుతారు, గొంతు తగ్గించి. సుప్రీంకోర్టు 1994లో ఆటో శంకర్ కేసుగా పేరుపడ్డ రాజగోపాల్ తీర్పులో ఒక గీత గీసింది. కోర్టు కాగితాల వంటి బహిరంగ రికార్డులో ఉన్నది ఎవరైనా రాయొచ్చు. అంతకు మించి మీ కుటుంబం, పెళ్ళి, పిల్లల సంగతులు మీ ఒప్పుకోలు లేకుండా రాస్తే మీ ఏకాంత హక్కుని తొక్కినట్టే. లైంగిక దాడికి గురైనవాళ్ళ పేరు రికార్డులో ఉన్నా బయటపెట్టకూడదని కూడా అదే తీర్పు చెప్పింది. ఎవరైనా కథ కావాలని వస్తే నోటిమాట మీద ఊరుకోకండి, కాగితం రాయించుకోండి. ఊరు మార్చాలా, పేరు మార్చాలా, చివర ఎలా చూపిస్తారు, ముందే అడగండి.

పిల్లలకి ముందు ఏది చూపించాలి?

మల్లేశం (2019). ఆసు పోయడానికి (నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడానికి) చీరకి తొమ్మిది వేల సార్లు చెయ్యి తిప్పే అమ్మ భుజం నొప్పి చూడలేక యంత్రం చేసిన కొడుకు కథ. చింతకింది మల్లేశంకి 2017లో పద్మశ్రీ వచ్చింది. బరంపురం పట్టు నేసే దేవాంగుల పిల్లాడికి చూపిస్తే, "మన నేతలో ఆసు ఉండదు, అయినా మా నాయనమ్మ భుజం కూడా ఇలాగే ఉంటాది" అన్నాడు.

మౌనపోరాటం క్యాసెట్టు ఇంకా ఉందా? ఒకసారి ఇస్తారా?

ఉంది. పెట్టె మీద మా నాన్న ఒడియాలో ఒకవైపు, తెలుగులో ఒకవైపు పేరు రాశాడు. ప్లేయరు పాడైపోయింది. మీ దగ్గర ఆడేది ఉంటే పట్టుకురండి, ఇక్కడే పెట్టుకుని చూద్దాం. బయటికి మాత్రం ఇవ్వను, పోయినసారి పట్టుకెళ్ళినవాళ్ళు తెచ్చివ్వడానికి నాలుగేళ్ళు పట్టింది.